సూరత్‌లో జర్మనీ దొర, ఆయన ఇద్దరు భార్యలు, నా కత్తెర

కూర్చో శ్రావణీ. అలా మంచం అంచున పిట్టలా కాదు, కింద చాప మీద సక్కగా కూర్చో. ఆ ఫోన్లో ఇంకేమీ చూడకు, నేను చెప్పింది మాత్రమే కొట్టు. మధ్యలో నవ్వితే ఆపేస్తాను. నేను మన మాటలో చెప్తుంటాను, నువ్వు కావాలంటే పుస్తకాల మాటలోకి దిద్దుకో. కానీ ఎవరన్నా నోరు తెరిచి మాట్లాడితే మాత్రం వాళ్ళ మాట వాళ్ళ నోట్లోనే ఉంచు. పోశవ్వత్త మాటను దిద్దావంటే ఆమె సూరత్ నుంచి లేచి వస్తుంది.

నేను సిరిసిల్ల నుంచి సూరత్ దాకా ఒక బట్టకు కత్తెర పెట్టడానికి పోయాను. ఒక్క కోత. దానికోసం రైలు, మాస్కు, ముక్కులో పుల్ల, అన్నీ. నవ్వొద్దన్నానా?

మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త నమూనా మొదటిసారి నేస్తే, ఆ బట్టను మగ్గం నుంచి ఇంటి ఆడబిడ్డే కోయాలి. మా నాన్నకు మా మేనత్త కోసింది. మా తమ్ముడు రాజేశానికి నేనొక్కదాన్నే అక్కను. అది కరోనా రెండో ఏడు. నాకు టీకా మొదటి సూది పడి, చేయి నొప్పి తగ్గిన వారానికి వాడి ఫోన్ వచ్చింది.

“అక్కా, ఒక్కసారి రావాలె.”

“గీ కరోనాల రమ్మంటవా? ఏమైందిరా?”

“బట్ట అయిపోవచ్చింది. నువ్వు కొయ్యాలె.”

“ఏం బట్ట?”

“జర్మనీ దొర.”

అప్పుడే మిగతాది కూడా చెప్పాడు. వాడు ఇరవై ఆరేళ్ళుగా నడుపుతున్న, బొమ్మలు నేసే జకార్డు మగ్గం సేఠ్‌ది. లాక్‌డౌన్ తర్వాత దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేస్తానన్నాడు సేఠ్. చివరికి ఒక మాట మీద ఆగాడు. జర్మనీ నుంచి వచ్చిన ఈ ఒక్క ఆర్డర్‌ను అక్కడివాళ్ళు మెచ్చుకుంటే మగ్గం ఉంటుంది. మెచ్చకపోతే వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం టెంపో వస్తుంది. నేను ఇంకేం ఆలోచిస్తాను? సంచి సర్దుకున్నాను.

రైల్లో

నా ఎదురుగా ఒక సూరత్ బట్టల దలాలు కూర్చున్నాడు. చేతిలో శానిటైజర్ సీసా. సీటుకు కొట్టాడు, కిటికీకి కొట్టాడు, చాయ్ అమ్మేవాడి వేళ్ళకు కొట్టాడు. నేను సద్దిమూట విప్పగానే నా బియ్యప్పిండి సర్వప్ప మీద కూడా కొట్టాడు!

“సేఫ్టీ, మాఁజీ,” అన్నాడు.

“సేఫ్టీ నువ్వు తిను. నా సర్వప్ప నాకిడిసిపెట్టు,” అన్నాను. అది ఆయనకు అర్థం కాలేదు గానీ, నా మొహం అర్థమైంది.

ఎందుకు పోతున్నావని అడిగాడు. కోయడానికి అన్నాను, వేళ్ళతో కత్తెర చేసి చూపించాను. ఆయన వెంటనే చెప్పులు సర్దుకుని నిటారుగా కూర్చుని, తన మోకాలి నొప్పి సంగతి మొదలుపెట్టాడు. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ అనుకున్నాడు పాపం. నేను కూడా కాదనలేదు. రోజూ ఎండలో కూర్చోమన్నాను. భుసావల్ వచ్చేసరికి ఆయన మాస్కు గడ్డం కిందికి దిగింది, మిగిలిన సర్వప్ప ఆయన కడుపులోకి దిగింది. శానిటైజర్ వాసనేమీ పట్టించుకోలేదు. ఫీజు కింద నాకు నాలుగు అరటిపండ్లు కొనిచ్చాడు, డజను నలభైకి బేరమాడి.

లింబాయత్ గల్లీ

రాజేశం ఉండేది లింబాయత్‌లో. గల్లీలోకి అడుగుపెడితే సూరత్ అనిపించదు. ఈ గుమ్మంలో కరీంనగర్ తిట్టు, ఆ గుమ్మంలో మరాఠీ తిట్టు, మధ్యలో పిల్లలు గుజరాతీలో జగడం. తిట్టుకోవడంలో మాత్రం అందరికీ అన్ని భాషలూ వచ్చు. కింద మగ్గం గది, పైన రెండు గదుల ఇల్లు. మగ్గం నడుస్తుంటే పైన గిన్నెలో పెరుగు కూడా వణుకుతుంది. “పెరుగు తోడుకోనియ్యదు వదినే గీ మిషన్,” అంటుంది మరదలు సుజాత, అదేదో మొండి బిడ్డ గురించి చెప్పినట్టు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. రాజేశం, సుజాత, సుజాత తల్లి పోశవ్వత్త. ఆమెకు ఎనభై దాటాయి. నడుము వంగింది గానీ మాట వంగలేదు. నేను కాళ్ళు కడుక్కోకముందే నా చేయి పట్టి కిందికి గుంజుకుపోయింది.

“రా బిడ్డా, మనోళ్ళను సూద్దువు.”

జకార్డు బట్ట నేసేవాడికి మొహం చూపించదు శ్రావణీ. బోర్లా నేస్తారు. పైన కనపడేది వీపు, అంతా దారాల గజిబిజి. అసలు బొమ్మ కిందివైపు ఉంటుంది. ఎలా వస్తుందో చూడాలంటే మగ్గం కింద అద్దం పెట్టాల్సిందే. రాజేశం, ఏ దారం పైకి లేవాలో మగ్గానికి చెప్పే ఒక్కో అట్టకు చేత్తో బొక్కలు గుద్ది, వేల అట్టలను దండలా కుట్టి, ఆరు నెలలు నేశాడు. కాళ్ళ దగ్గర మొదలుపెట్టి తలల దగ్గర ముగించాడు. అంటే జర్మనీ వాళ్ళ చెప్పులు ఏ రంగో వాడికి దసరాకే తెలుసు, మొహాలు మాత్రం మొన్న మొన్న తెలిశాయి.

పోశవ్వత్త అద్దం వంచి ఒక్కొక్కరినీ చూపించింది. మోకాళ్ళ మీద కూర్చున్న దొర, పేరు ఉల్రిక్. ఇద్దరు భార్యలు. పది మంది పిల్లలు. మొత్తం పదముగ్గురు. కొందరి తలల మీద చిన్న ఎర్ర శిలువలు.

“గీ పిల్లగాడు సూడు, అచ్చం మా సుజాత మేనమామ తీరు లేడా?” అంది.

సుజాత మేనమామను నేనెన్నడూ చూడలేదు. ఉన్నాడన్నాను.

డుమస్‌లో ఆదివారం

మర్నాడు రాజేశం నన్ను సముద్రం చూపిస్తానని డుమస్ తీసుకుపోయాడు. అక్కడ ఇసుక నల్లగా ఉంటుంది, కుంపటి దులిపినట్టు. టమాటా బజ్జీ తిన్నాం. టమాటా ముక్క మీద పచ్చని చట్నీ పూసి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. మన దగ్గర బజ్జీలు లెక్కపెట్టి ఇస్తారు. అక్కడ తూకమేసి ఇస్తారు, వంకాయల్లాగా. నేను మాస్కు తీయడం మరచి మొదటి బజ్జీని నోటికి పెట్టుకున్నాను. చట్నీ అంతా మాస్కుకు పట్టింది. మీ రాజేశం తాత తన మాస్కు ఇస్తానన్నాడు. ఛీ, అన్నాను.

నవ్వుతున్నవాడు ఉన్నట్టుండి సముద్రం వైపు తిరిగాడు.

“అక్కా, మగ్గం పోతే నన్ను గా సచిన్ ఊర్ల మిల్లుకు పంపుతడట సేఠ్. ఆడ కొత్త కంప్యూటర్ మిషన్లు. నాకు రాదు గద. కింద పడ్డ దూది ఊడ్వమంటున్నరు.”

“ఊడ్సుడు తప్పా?”

“తప్పు గాదు. గని దొరను నేసిన చెయ్యి గద అక్కా గిది.”

నా చేతిలోని బజ్జీ వాడి చేతిలో పెట్టాను.

అడాజన్‌లో దొర చరిత్ర

సోమవారం సేఠ్ ఇంటికి పోయాం, అడాజన్‌లో, ఏడో అంతస్తు. జర్మనీ నుంచి ఉత్తరాలు వచ్చేది సేఠ్ బిడ్డ హేతల్‌కు. ఆ పిల్లే ఇంగ్లీషు చదివి హిందీలో చెప్తుంది. పోగానే ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ఖమణ్ పెట్టింది, పప్పు పోసింది. పప్పులో బెల్లం! నేను పచ్చిమిరపకాయ అడిగి తెచ్చుకుని కొరుక్కుంటూ చరిత్ర విన్నాను.

ఐదారు వందల ఏళ్ళ కిందటి మాటట. ఉల్రిక్ మూడో కొడుకు. అన్నలకే భూమి పోయింది, ఇతనికి ఒక గుర్రం మిగిలింది. ఆ గుర్రం మీద తిరిగి తిరిగి ఒక కోట చేరాడు. ఆ కోట దొరకు ఒక్కతే బిడ్డ, పేరు ఆగ్నెస్. పెళ్ళి చేసి అక్కడే ఉంచుకున్నారు.

“అంటే ఇల్లరికమే!” అన్నాను.

హేతల్‌కు ఇల్లరికం అంటే విడమరిచి చెప్పాల్సి వచ్చింది. “ఘర్ జమాయి!” అని నవ్వి, కాగితం అంచున రాసుకుంది కూడా.

ఆగ్నెస్‌కు ఏడుగురు పుట్టారు. నలుగురు చిన్నప్పుడే పోయారు. తర్వాత ఆమె కూడా పోయింది. దొర రెండో పెళ్ళి చేసుకున్నాడు, మార్గరెత్తును. ఆమెకు ముగ్గురు. ఇద్దరు బిడ్డలు సన్యాసం తీసుకుని మఠంలో కలిశారు, పెద్దకొడుకు తండ్రితో మాట్లాడటం మానేశాడు.

దొర ఏం ఘనకార్యం చేశాడని అడిగాను. యుద్ధాలేమైనా గెలిచాడా? లేదట. పక్క ఊరి దొరతో ఒక నీళ్ళ మిల్లు గురించి పదకొండేళ్ళు పంచాయితీ పెట్టుకున్నాడట. కాలువ ఇవతలి గట్టు నాదంటే నాదని. చివరికి ముసలితనంలో, హద్దు ఇదిగో ఇక్కడ అని చూపించడానికి చలికాలంలో నడుం లోతు నీళ్ళలో దిగి నిలబడ్డాడట. పెద్దమనుషులు వచ్చేదాకా బయటికి రానన్నాడు. పెద్దమనుషులు మధ్యాహ్నం వచ్చారు. హద్దు ఇతనిదేనన్నారు. రాత్రికి జ్వరం పట్టుకుంది, వారానికి పోయాడు.

గెట్టు పంచాయితీ! సముద్రాల అవతల కూడా అదే పంచాయితీ. మా పెద్దనాన్న ఇలాగే గెట్టు మీద పడుకుని జలుబు తెచ్చుకున్నాడు. ఆయన బతికాడు గానీ గెట్టు పోయింది.

దొర పోయాక మార్గరెత్తు ఒక బొమ్మ రాయించి గుడిలో పెట్టింది. చనిపోయిన వాళ్ళ తలల మీద శిలువ గుర్తు. దొర, ఆగ్నెస్, నలుగురు పిల్లలు. మొత్తం ఆరు శిలువలు. ఆ బొమ్మ చెమ్మకు పాడైపోతోందట. ఆ వంశంలో ఇప్పుడున్న ఒక ముసలామె దాని ఫోటో పంపి, ఇలాగే బట్ట నేయమంది.

“బా, కుఛ్ భీ అలగ్ నహీ చలేగా,” అంది హేతల్ నాతో. బా అంటే వాళ్ళ గుజరాతీలో అవ్వ. ఫోటోకు భిన్నంగా ఏదీ ఉండకూడదు. ఫోన్ వీడియోలో చూపిస్తే ఆ జర్మనీ అవ్వ ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూస్తుందట.

బొట్టు

బుధవారం మంచిరోజు అన్నారు. సుజాత కొబ్బరికాయ తెచ్చింది, కత్తెరకు పసుపు రాసింది. నేను ఒకసారి మొహాలు చూసి కోద్దామని అద్దం వంచాను. చూసి, కత్తెర కింద పెట్టేశాను.

“ఏమైందక్కా?” అన్నాడు రాజేశం.

“ఆగ్నెస్ నొసట బొట్టేదిరా? మొగడుండంగ పోయిన పుణ్యస్త్రీ. మన ఇంట్ల మొదటి బట్ట మీద బోసి మొహంతోటి కూసోవెడతవా? నేను కొయ్య.”

“ఫోటోల లేదు!”

“ఫోటోల లేకుంటే? పుణ్యస్త్రీ గాకుంట పోతదా?”

ఈ మాటకు పోశవ్వత్త నన్ను మెచ్చుకుంది. “లచ్చవ్వ సక్కగ జెప్పింది. పెద్దగ వెట్టు,” అంది.

అలా నేను చాప వేసుకుని మగ్గం కింద దూరాను, వెల్లకిలా. అరవై ఎనిమిదేళ్ళ ముసలిదాన్ని, ఒక చేతిలో ఎర్రదారం సూది. పైన పదముగ్గురు జర్మనోళ్ళు నా మీదికి వంగి చూస్తున్నారు. మగ్గం నూనె చుక్క చుక్కగా నా చెంప మీద పడుతోంది. పైనుంచి రాజేశం “అక్కా, కంటిల పొడువకు, కంటిల పొడువకు!” అని అరుస్తున్నాడు. ఆగ్నెస్‌కు కందిగింజంత బొట్టు కుట్టాను. పక్కనే మార్గరెత్తు. చేయి అక్కడికి పోయింది. ఆమెకు పెసరగింజంత కుట్టాను.

బయటికి వచ్చేసరికి పోశవ్వత్త అద్దంలో చూసేసింది.

“ఆమెకెందుకు వెట్టినవ్? దొర నెత్తి మీద శిలువ గనవడ్తలేదా? మొగడు పోయినామె.”

“అత్తా, గా బొమ్మ రాయించిందే ఆమె. సవతిని ముందల కూసోవెట్టింది, సవతి పిల్లలకు జాగ ఇడిసింది, కాలువల నిలవడి సచ్చినోన్ని సుత దొర తీరు సూపెట్టింది. గంత జేసినామె నొసలు ఖాళీగుండాల్నా?”

“ఉండాలె. నాది లేదా? నీది లేదా?”

మీ తాత పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

పోశవ్వత్త గొంతు కాస్త తగ్గించింది. “ఇంకోటి జెప్త, ఏమనుకోకు బిడ్డా. కత్తెర సుత నువ్వు వట్టద్దు. నేను ఆరు నెలల సంది గా బట్టను సూస్తున్న గని ఏలు వెట్టలే. మనిద్దరం ఒక్క తీరే.”

“ఆడబిడ్డ ఆడబిడ్డే అత్తా,” అన్నాడు రాజేశం. “బావ పోతే అక్క సుత పోతదా? అక్క కొయ్యకుంటే ఎవ్వలు కొయ్యరు.”

ఆ రోజు కొబ్బరికాయ కొట్టలేదు. మర్నాడు ఉదయం వాడు నా దగ్గరికి బ్లేడు పట్టుకొచ్చాడు, బొట్లు రెండూ తీసేద్దామని. జర్మనీ అవ్వ చూస్తే మగ్గం పోతుంది కదా. ఆగ్నెస్‌ది ముట్టుకోబోతే పోశవ్వత్త అడ్డం కూర్చుంది, పుణ్యస్త్రీ బొట్టు చెరుపుతావా అని. మార్గరెత్తుది ముట్టుకోబోతే నేను అడ్డం కూర్చున్నాను. ఒక్కో బొట్టుకు ఒక్కో ముసలమ్మ కాపలా. మధ్యలో పాపం వాడు బ్లేడుతో నిలబడ్డాడు, ఎవరి గడ్డం గీయాలో తెలియని మంగలిలా.

సర్వే

గురువారం ఒక చెల్లె సర్వేకు వచ్చింది. చేతిలో రిజిస్టరు, వేలికి పెట్టే మిషను. గుమ్మంలో పోశవ్వత్త కూర్చుని ఉంది. మాటలన్నీ హిందీలోనే నడిచాయి, మనకు తెలిసేలా చెప్తాను.

“ఇంట్లో ఎంతమంది?”

“మేం నలుగురం. జర్మనోళ్ళు పదముగ్గురు.”

ఆ చెల్లె తలెత్తింది. “జర్మనీ నుంచా? ఎప్పుడు వచ్చారు?”

“ఆర్నెల్ల సంది అస్తనే ఉన్నరు. మొన్న పూరా అచ్చిన్రు.”

“ఎక్కడున్నారు?”

“కింద గదిల. అందరు బోర్ల వడి ఉన్నరు.”

“ఆరోగ్యం ఎలా ఉంది?”

“ఆరుగురు సచ్చిపొయిన్రు,” అంది పోశవ్వత్త తాపీగా. “మిగిలినోళ్ళు మంచిగనే ఉన్నరు.”

ఆ చెల్లె పెన్ను అక్కడే వదిలి పరుగెత్తింది.

అబద్ధం ఒక్కటీ చెప్పలేదు చూడు. మా వాళ్ళకు మగ్గం మీద ఉన్నది ఇంట్లో ఉన్నట్టే. మధ్యాహ్నానికి నలుగురు తెల్ల బట్టల్లో వచ్చారు, పురుగుల మందు కొట్టేవాళ్ళలా. రాజేశం వాళ్ళను కిందికి తీసుకుపోయి అద్దంలో దొరను చూపించాడు. వాళ్ళలో ఒకాయన కడుపు పట్టుకుని నవ్వాడు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. కానీ గుమ్మానికి కాగితం అప్పటికే అంటించేశారు. లోపల పదిహేడు మంది, పద్నాలుగు రోజులు, ఎవరూ బయటికి రావద్దు. తీసేయమంటే, “లిఖ్ దియా తో లిఖ్ దియా,” అన్నాడు నవ్విన ఆయనే. రాసింది రాసినట్టేనట.

గల్లీవాళ్ళు మంచోళ్ళు. కాగితం మీద పదిహేడు అని ఉంది కదా, పదిహేడు మందికీ తిండి పంపారు. రోజూ పై కిటికీ నుంచి తాడుతో బకెట్ దించితే, ఒక ఇంటివాళ్ళు కిచిడీ, ఒక ఇంటివాళ్ళు రొట్టెలు, ఎదురింటి గుజరాతీ ఆమె ఘారీలు. ఘారీ అంటే లోపల కోవా, చుట్టూ గడ్డకట్టిన నెయ్యి. ఒకటి తింటే సాయంత్రం దాకా కన్ను తెరుచుకోదు. జర్మనోళ్ళ వాటా మేమే తిన్నాం. నేను మూడు కిలోలు పెరిగింది ఉల్రిక్ దొర పేరు మీద.

టెంపో

సోమవారం పొద్దున పాత ఇనుము టెంపో రానే వచ్చింది. గడువు ఆ రోజుతో సరి. జర్మనీ నుంచి ఇంకా ఏ మాటా రాలేదు. సేఠ్ గల్లీ మొదట్లో ముక్కుకు రుమాలు కట్టుకుని నిలబడి, చేతులతో సైగలు చేస్తున్నాడు. రాజేశం కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాడు. ఆ మొహం నేను మా నాన్న పోయిన రోజు చూశాను, మళ్ళీ ఆ పొద్దున చూశాను.

టెంపో ఆయన గొలుసులు, గడ్డపారలు దించాడు. గుమ్మం దాకా వచ్చాడు. కాగితం చదివాడు. ఒక్కడుగు వెనక్కి వేశాడు.

“సేఠ్! ఇది జర్మనీ కరోనా! లోహా నహీ చాహియే!” ఇనుమే వద్దట.

“మిషన్‌కు ఏం రోగం లేదు!” అని అరిచాడు సేఠ్.

“ఇనుముకు అంటుకోదని నీకెవరు చెప్పారు?” అని హిందీలో జవాబిచ్చి, గడ్డపార అక్కడే పారేసి, టెంపో వెనక్కే పోనిచ్చాడు. గల్లీ చివరి దాకా వెనక్కే.

పోశవ్వత్త కొంగుతో మొహం తుడుచుకుంది. “దొర మంచోడు,” అంది.

కానీ అది పద్నాలుగు రోజుల ముచ్చటే. కాగితం ఊడితే టెంపో మళ్ళీ వస్తుంది. అవ్వ మెచ్చాల్సిందే.

జర్మనీ అవ్వ

మంగళవారం మేం కిచిడీ తింటుండగా హేతల్ వీడియో ఫోన్. “బా, ఆమె లైన్లో ఉంది, ఇప్పుడే చూపించండి!” అని. బ్లేడు వెతికే టైము కూడా లేదు. ఫోన్లో ఒక గడిలో హేతల్, ఇంకో గడిలో తెల్లటి పొట్టి జుట్టుతో ఒక ముసలామె. నా ఈడే. మెడలో కళ్ళజోడు వేలాడుతోంది. రాజేశం ఫోన్‌ను మగ్గం కింది అద్దానికి చూపించాడు.

ఆమె ఏదో గట్టిగా అంది. హేతల్ కంగారుగా చెప్పింది, భార్యలు అటుఇటు అయ్యారు, ఎడమనున్న వాళ్ళు కుడికి వచ్చారు, అంతా తప్పు అంటోంది అని. అద్దంలో చూస్తే అలాగే కనబడుతుందన్న సంగతి, ఆరు నెలలు అద్దంలోనే చూసిన రాజేశానికి, ఆ నిమిషాన గుర్తు రాలేదు! నేను ఫోన్ లాక్కుని చాప మీద పడుకుని మగ్గం కింద దూరాను. అద్దం లేకుండా నేరుగా పైకి చూపించాను.

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. వేలితో లెక్కపెట్టింది. పదముగ్గురు. శిలువలు ఆరు. తర్వాత వేలు ఆగిపోయింది.

“బా, ఆ ఎరుపు ఏమిటని అడుగుతోంది.”

పైన రాజేశం ఊపిరి ఆగడం కింద ఉన్న నాకు వినబడింది. నేను దాచలేదు. ఆగ్నెస్ మొగుడు బతికుండగా పోయింది కాబట్టి పెద్దదని వచ్చిన హిందీలో చెప్పాను. మార్గరెత్తుది చిన్నదెందుకని అడిగింది. మొగుడు పోయాడు కాబట్టి అన్నాను. అయితే అసలెందుకు పెట్టావంది.

“ఇంతమందిని ఒక్క జాగల కూసోవెట్టింది ఆమెనే గదమ్మా. ఆమెను ఎవ్వలన్న సూడాలె గద.”

హేతల్ చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. జర్మనీ అవ్వ నన్నే చూస్తోంది. నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను, చెంప మీద నూనె. ఆమె తన నుదుటి మీద వేలు పెట్టుకుని చూపించి, ఏదో అడిగింది.

“నీకేదీ అంటోంది, బా.”

నోటికొచ్చింది అనేశాను. “బట్ట మీదామెకు ఇరుగుపొరుగు ఉండరమ్మా. నాకున్నరు.”

హేతల్ అది ఎలా తిప్పి చెప్పిందో నాకు తెలియదు. ఆ అవ్వ నవ్వింది చూడు, దగ్గొచ్చేదాకా నవ్వింది. తనకూ ఉన్నారట. మొగుడు పోయిన కాడి నుంచి నల్లకోటు విప్పి రంగు కోటు వేసుకుని బయటికొస్తే, పక్కింటామె కిటికీ రెక్క తెరుచుకుంటుందట. నవ్వు ఆపి, కళ్ళు తుడుచుకుని, ఒక మాట చెప్పింది. ఒక్క దారం కూడా తీయొద్దు. ఇంకా మూడు బట్టలు కావాలి, ముగ్గురు చెల్లెళ్ళకు. బొట్లతో సహా.

హేతల్ ఫోన్లోనే వాళ్ళ నాన్నను కేకేసింది. గంటలో సేఠ్ గల్లీ మొదట్లో నిలబడి, “రాజేశ్‌భాయ్! మిషన్ కహీ నహీ జాయేగా!” అని అరిచాడు. మగ్గం ఎక్కడికీ పోదు. గల్లీ అంతా కిటికీల్లోంచి చప్పట్లు కొట్టింది. రాజేశం ఏడ్చాడు. ఏడ్చి, నూనెడబ్బా తీసుకుని మగ్గానికి నూనె వేశాడు. అప్పటికే నా చెంప మీద సగం డబ్బా ఉంది.

కోత

ఈ సందడి అయి అందరం చల్లబడ్డాక పోశవ్వత్త నా దగ్గరికొచ్చింది.

“లచ్చవ్వా. ఇరుగుపొరుగు అంటివి. నన్నేనా?”

“ఇంకెవ్వలత్తా? గుమ్మానికి కాయిదం ఏసిన్రు. లోపట నువ్వే ఉన్నవ్.”

ఆమె పోయి కత్తెర తెచ్చింది, పసుపు కొత్తగా రాసి.

“నువ్వు కొయ్యి. బట్ట కిందవడకుంట నేను వట్టుకుంట.”

ఆరు నెలల్లో మొదటిసారి ఆమె ఆ బట్ట మీద చేయి వేసింది. సుజాత కొబ్బరికాయ కొట్టింది. నేను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కోశాను. కత్తెర కింద దారాలు టపటపా తెగుతుంటే నా మోచేయి దాకా జిల్లుమంది. బట్ట మొత్తం బరువుగా పోశవ్వత్త చేతుల్లోకి జారింది. మోయలేక అక్కడే చతికిలబడింది, పదముగ్గురినీ ఒళ్ళో పెట్టుకుని.

డాబా మీదికి తీసుకుపోయి పరిచాం. మొదటిసారి బొమ్మ ఆకాశం వైపు చూసింది. రాజేశం దొర చెప్పుల దగ్గర కూర్చుని కుట్లు చూసుకుంటున్నాడు. పోశవ్వత్త మాత్రం అంచు వెంట నడిచి నడిచి మార్గరెత్తు తల దగ్గర ఆగింది. వంగి, ఆ పెసరగింజంత బొట్టు మీద వేలు పెట్టి తడిమింది. ఎండలో కళ్ళు చికిలించి నా వైపు చూసింది.

“లచ్చవ్వా, గీ ఎర్రరంగు నీ సంచిల ఇంకేమన్న ఉన్నదా?”

“దారమా అత్తా?”

“దారం గాదు బిడ్డా,” అని, రాజేశం వింటాడేమోనని అటు చూసి, కొంగు పైకి జరిపి, నుదురు నా ముందుకు వంచి, అప్పుడు నేను నా వేలు—

“అత్తమ్మా! ముచ్చట తర్వాత జెప్పుదురు గని, అన్నం సల్లారిపోతున్నది! శ్రావణీ, బాపమ్మను తోలుకరా!”

వస్తున్ననే, వస్తున్న! గా పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఏసినవా లేక— ఓ శ్రావణీ, గిది సుత కొడ్తున్నవా?